పింఛను ఆగితే, కార్డు పోతే: అప్పీలు ఎక్కడ మొదలవుతుంది?

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని చాలా ఊళ్లలో గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది నోటీసులు పట్టుకుని దివ్యాంగ పింఛనుదారుల ఇళ్లకు వెళ్లారు. ఆ ఏడాది మొదట్లో మొదలైన వైద్య తనిఖీల్లో మీ వైకల్యం 40 శాతం లోపే ఉందని తేలింది, అందుకని పింఛనుకు అర్హత లేదు అన్నది వాటి సారాంశం. మరికొందరికి అందింది వేరే రకం నోటీసు. మంచానికే పరిమితమైన వారికిచ్చే నెలకు ₹15,000 మీకు వర్తించదు, ఇకమీదట ₹6,000 మాత్రమే అని అందులో ఉంది. ఊళ్లలో గగ్గోలు పుట్టింది. అభ్యంతరం ఉన్నవాళ్లు పల్లెల్లో ఎంపీడీవోకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకోవచ్చనీ, వాళ్లకు మళ్లీ వైద్య పరీక్ష చేయిస్తామనీ ప్రభుత్వం ప్రకటించింది.

అంతవరకు కోర్టు వార్తల్లో మాత్రమే వినిపించే ‘అప్పీలు’ అనే మాట అలా పింఛను ఇళ్లలోకి వచ్చింది. వచ్చింది గానీ, దాని చుట్టూ ఉన్న తికమక పోలేదు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ అప్పీలేనా? ఎమ్మెల్యే గారి లెటరు తెస్తే అప్పీలు చేసినట్టేనా? అసలు నోటీసే రాకుండా డబ్బు ఆగిపోయిన మనిషి దేని మీద అప్పీలు చేయాలి? ఈ చివరి ప్రశ్న చూడటానికి చిన్నదిగా ఉంటుంది. చిక్కంతా ఉన్నది అందులోనే.

అర్జీ వేరు, అప్పీలు వేరు

మన వాడుకలో ఆఫీసుకు ఇచ్చే కాగితం ఏదైనా అర్జీయే. చట్టం మాత్రం వీటిని వేరువేరుగా చూస్తుంది.

దరఖాస్తు అంటే నాకు ఫలానా ప్రయోజనం ఇవ్వండని అడగడం. ఫిర్యాదు అంటే ఒక పని జరగలేదనో, సరిగా జరగలేదనో చెప్పడం. డీలర్ తూకంలో కోత పెడుతున్నాడు, పింఛను తెచ్చే ఉద్యోగి ఇంటికి రావడం లేదు వంటివి ఫిర్యాదులు. అప్పీలుకు వీటికి లేని ఒక ముందు షరతు ఉంది. ఒక అధికారి అప్పటికే ఒక నిర్ణయం తీసుకుని ఉండాలి. ఆ నిర్ణయం తప్పని, దాన్ని మార్చే అధికారం ఉన్న మరొకరి ముందు చెప్పుకోవడమే అప్పీలు. తీసుకున్న అధికారినే మళ్లీ చూడమంటే అది పునఃపరిశీలన, ఇంగ్లిషు మాటలో రివ్యూ.

ఈ తేడా వల్ల ఒరిగేదేమిటి? అర్జీకి ‘పరిశీలించాం’ అన్న జవాబు సరిపోతుంది. అప్పీలుకు సరిపోదు. దాన్ని విన్న అధికారి కింది నిర్ణయం ఉంటుందో, మారుతుందో, రద్దవుతుందో చెప్పాలి, ఎందుకో కూడా రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి ప్రధానంగా అర్జీలకు, ఫిర్యాదులకు ఏర్పాటు చేసిన వేదికలు. అక్కడిచ్చిన కాగితం సంబంధిత శాఖకు వెళుతుంది. చాలాసార్లు మొదట కాదన్న అధికారి దగ్గరికే తిరిగి చేరుతుంది, ఆయనే జవాబు రాస్తాడు, ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని సందేశం వస్తుంది. పరిష్కారమైంది అర్జీ మాత్రమేనని, సమస్య కాదని నెలాఖరుకు గాని తెలియదు. అలాగని ఈ వేదికలను తీసిపారేయనక్కర లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు, బ్యాంకు ఖాతా జత కాలేదు వంటి తప్పులు అక్కడ త్వరగా తేలిపోతాయి. నిర్ణయం మీదే తగాదా ఉన్నప్పుడు ఆ దారి చాలదు.

‘సైట్‌లో అలా చూపిస్తోంది’

సచివాలయం బల్ల దగ్గర తరచూ జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

“నా పింఛను ఎందుకాపారయ్యా?”

“మేం ఆపలేదవ్వా. పైనుంచే ఆగింది. సైట్‌లో ఇనెలిజిబుల్ అని వస్తోంది.”

“మరి నేనెవరికి చెప్పుకోవాలి?”

“ఓపెన్ అయినప్పుడు మళ్లీ అప్లై చేద్దాంలే.”

ఆ ఉద్యోగి అబద్ధం చెప్పడం లేదు. నిర్ణయం తన చేతిలో లేదు, కారణం తన తెర మీద ఒక ముక్కలో మాత్రమే కనిపిస్తోంది. అవ్వ దృష్టిలోనేమో ఇది నిర్ణయంలాగే లేదు, వాన పడనట్టు, కరెంటు పోయినట్టు జరిగిపోయిన ఒక సంగతి. సంక్షేమ విషయాల్లో అప్పీళ్లు తక్కువగా ఉండడానికి మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఎక్కడ అప్పీలు చేయాలో తెలియకపోవడం ఆ తర్వాతి మెట్టు. తన మీద ఒక నిర్ణయం జరిగిందని, దానికో తేదీ, ఓ అధికారి, ఓ కారణం ఉండి తీరాలని తెలియకపోవడం మొదటి మెట్టు. జాబితాలో పేరు లేకపోవడం కూడా నిర్ణయమే. ఎవరూ సంతకం పెట్టలేదు, అంతే.

చట్టం ఈ విషయంలో అవ్వ పక్షానే ఉంది. ఒక మనిషికి నష్టం కలిగించే నిర్ణయం తీసుకునే ముందు అతని మాట వినాలన్న సహజ న్యాయ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో పరిపాలనా నిర్ణయాలకూ గట్టిగా వర్తింపజేసింది. ఆ కేసు పాస్‌పోర్టు గురించినది. అయినా రేషను, పింఛను కేసుల్లోనూ లాయర్లు ఎత్తే మొదటి మాట అదే. సమాచార హక్కు చట్టం 2005లో జనం దాదాపుగా పట్టించుకోని ఒక నిబంధన ఉంది. దాని 4వ సెక్షన్ ప్రకారం పరిపాలనా నిర్ణయం వల్ల ప్రభావితమైన వారికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పడం ప్రభుత్వ సంస్థ బాధ్యత. అంటే అడిగితే ఇవ్వాల్సిన సమాచారం గురించి కాదు ఇది, అడగకుండానే చెప్పాల్సినది.

చెప్పకపోతే? అదే చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఫీజు లేదు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. సమాచార హక్కు అప్పీలు గెలిస్తే వచ్చేది కాగితం. పింఛను రాదు. పింఛను కోసం చేసే అప్పీలుకు కావలసిన ముడిసరుకు మాత్రమే వస్తుంది.

కారణాలతో కూడిన ఉత్తర్వును ఆఫీసుల్లో ‘స్పీకింగ్ ఆర్డర్’ అంటారు. మాట్లాడే ఉత్తర్వు అన్నమాట. ‘అనర్హులు’ అని ఒక్క పదం ఉన్న కాగితం మూగది. ‘ఫలానా సర్వీసు నంబరు మీద నెలకు సగటున ఇన్ని యూనిట్ల కరెంటు వాడకం ఉన్నందున అనర్హులు’ అంటే అది మాట్లాడింది. అలా మాట్లాడినప్పుడే, ‘ఆ మీటరు నాది కాదు’ అని తిరిగి చెప్పగలం.

శాతం లెక్కలో ఏముంది

దివ్యాంగ పింఛను విషయంలో ఇంకో మెలిక ఉంది. బయటికి కనిపించే నిర్ణయం ఒకటే, లోపల రెండున్నాయి. మొదటిది ఆసుపత్రిలో జరిగేది, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సదరం ధ్రువపత్రం ఇవ్వడం. రెండోది పరిపాలనాపరమైనది. ఆ శాతాన్ని బట్టి పింఛను ఇవ్వడమో, మానడమో. ఎంపీడీవో 36ను 42 చేయలేడు. డాక్టరు పింఛను మంజూరు చేయలేడు. శాతమే తప్పయితే ఆ అప్పీలు చివరికి మళ్లీ వైద్యుల దగ్గరికే వెళ్లాలి. శాతం సరిగ్గానే ఉండి, దాన్ని తప్పుగా వర్తింపజేస్తే (పాత ధ్రువపత్రం చూశారు, ఇద్దరి పేర్లు కలిపేశారు) ఆసుపత్రితో పనే లేదు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఈ మొదటి భాగానికి ప్రత్యేకంగా ఒక దారి చూపింది. ధ్రువపత్రమిచ్చే అధికారి నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లవచ్చని 59వ సెక్షన్ చెబుతుంది. అందుకే వైద్య పరీక్ష మళ్లీ చేయించమనడం ఎవరి దయాదాక్షిణ్యం మీదా ఆధారపడిన విషయం కాదు.

శాతం ఎలా వస్తుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. ఒక మనిషికి రెండు రకాల వైకల్యాలు ఉన్నాయనుకుందాం. కాలికి 30 శాతం, వినికిడికి 24 శాతం. కూడితే 54. కానీ కేంద్రం నోటిఫై చేసిన మదింపు మార్గదర్శకాలు అలా కూడనివ్వవు. పెద్ద అంకెను అలాగే ఉంచి, దాన్ని 90లోంచి తీసేసి, వచ్చినదాన్ని చిన్న అంకెతో హెచ్చవేసి, 90తో భాగించి, ఆ ఫలితాన్ని పెద్ద అంకెకు కలపాలి. 90లోంచి 30 తీస్తే 60. దాన్ని 24తో హెచ్చిస్తే 1,440. 90తో భాగిస్తే 16. మొత్తం 46 శాతం. విడివిడిగా ఏదీ 40కి చేరలేదు, కలిపితే దాటింది. ఒకవేళ తనిఖీ రోజున ఎముకల డాక్టరు మాత్రమే ఉండి, చెవుల పరీక్ష జరగకపోతే ఆ మనిషి కాగితం మీద 30 శాతమే ఉంటుంది. అప్పుడు ‘నా కాలు ఇంకా బాగాలేదు’ అని వాదించడం వల్ల ప్రయోజనం లేదు. ‘రెండో వైకల్యాన్ని కొలవలేదు’ అన్నది అసలు అంశం.

ఇదే లెక్క అటు కూడా తిరుగుతుంది. 24, 18 ఉన్నవాళ్లు నోటి లెక్కన 42 వేసుకుని ధీమాగా ఉంటారు. సూత్రం ప్రకారం 66ను 18తో హెచ్చించి 90తో భాగిస్తే 13.2, దానికి 24 కలిపితే 37.2. నలభై లోపే. వీళ్లకు అన్యాయం జరిగిందని ఊరంతా నమ్మవచ్చు, డాక్టరు లెక్క మాత్రం నిలుస్తుంది. అప్పీలు చేసే హక్కు ఉండడం, అప్పీలులో బలం ఉండడం ఒకటి కావు.

ఇంకా కొన్ని పత్రాల మీద వైకల్యం ‘తాత్కాలికం’ అని, ఫలానా తేదీ వరకే చెల్లుతుందని ఉంటుంది. ఆ తేదీ దాటితే శాతం ఎంతున్నా పత్రానికి విలువ లేదు. దాన్ని చూసుకోక కంగారు పడేవాళ్లు చాలామంది. కొలిచే పద్ధతులు కూడా స్థిరంగా లేవు. 2018లో ఒక మార్గదర్శకాల పత్రం వచ్చింది, 2024లో దాన్ని సవరించారు. పదేళ్ల కిందటి డాక్టరు, ఈనాటి డాక్టరు ఇద్దరూ నిజాయితీగానే కొలిచినా అంకెలు మారవచ్చు. మారిన ప్రతి అంకె వెనకా దొంగ సర్టిఫికెట్ ఉందనడం ఎంత తొందరపాటో, మారిన ప్రతిచోటా కుట్ర ఉందనడమూ అంతే తొందరపాటు.

కరెంటు మీటరు చెప్పిన తీర్పు

ఆంధ్రప్రదేశ్‌లో పథకాల అర్హత తేల్చడానికి ‘ఆరంచెల పరిశీలన’ అని ఒకటి వాడుకలోకి వచ్చింది. భూమి, నాలుగు చక్రాల వాహనం, ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, కరెంటు వాడకం వంటివాటిని వేర్వేరు శాఖల రికార్డుల్లోంచి తీసి సరిచూస్తారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే వాటిని లెక్కలోకి తీసుకోరు. కరెంటుకు హద్దు నెలకు 300 యూనిట్లు. 2025 జూన్‌లో బడి పిల్లల తల్లులకిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు పడినప్పుడు ఎక్కువగా వినిపించిన గొడవల్లో ఇదొకటి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అన్నదమ్ములిద్దరూ ఒకే కప్పు కింద వేరు కాపురాలు పెట్టారు. మీటర్లు రెండు. వాటిని తీసుకున్న రోజుల్లో ఇంటి పెద్ద అన్నగారే కాబట్టి రెండూ ఆయన ఆధార్‌కే జతయ్యాయి. అన్న 180 యూనిట్లు కాలుస్తాడు, తమ్ముడు 150. ఎవరికి వారు హద్దులోనే ఉన్నారు. కంప్యూటరు మాత్రం అన్న పేరు మీద 330 చూసి ఆయన్ను తీసేసింది. తమ్ముడికి ఇబ్బంది లేదు, రికార్డులో ఆయన వాడకం సున్నా.

ఇక్కడ తప్పు సంక్షేమ శాఖది కాదు. విద్యుత్ పంపిణీ సంస్థ రికార్డులో ఉంది. అప్పీలు ఎంత గట్టిగా రాసినా, మూలంలో ఆధార్ జత విడదీయకపోతే వచ్చే నెల కంప్యూటరు మళ్లీ అదే మాట చెబుతుంది. సమాచారం ఒక శాఖది, నిర్ణయం మరో శాఖది అయినప్పుడు పుట్టే ఈ చిక్కుకు మన పాత అప్పీలు పద్ధతుల్లో సమాధానం లేదు. అవి ఒక అధికారి, ఒక ఫైలు, ఒక సంతకం అన్న కాలంలో పుట్టినవి.

దీనికి పెద్ద నమూనా తెలంగాణలో కనిపించింది. వేర్వేరు శాఖల సమాచారాన్ని పేరు, చిరునామాల ఆధారంగా కలిపి చూసే సమగ్ర వేదిక అనే వ్యవస్థను అక్కడ అర్హతల వడపోతకు వాడారు. కంప్యూటర్ విశ్లేషణ ఆధారంగా, నోటీసులివ్వకుండా లక్షల రేషన్ కార్డులు తొలగించారన్న వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ తర్వాత పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో పదిహేను వేలకు మించి కార్డులు పొరపాటున పోయినవేనని తేలింది. అంటే సుమారు 7.5 శాతం.

ఈ అంకెను రెండు వైపుల వాళ్లూ తమకు అనుకూలంగా వాడుకోగలరు. నూటికి తొంభై రెండు సరిగ్గానే తీశాం కదా, మనుషులు చేస్తే ఇంతకన్నా తప్పులు, పైగా లంచాలు ఉండేవి అని అధికారులు అనగలరు. అందులో కొంత నిజం ఉంది. పట్వారీల కాలపు జాబితాలు చూసినవాళ్లెవరూ మనిషి చేతి పని పవిత్రమని అనరు. అటువైపు వాళ్ల మాట వేరు. ఆ ఏడున్నర శాతం కుటుంబాలు ఏళ్ల తరబడి రేషన్ బియ్యం లేకుండా ఉన్నాయి, కోర్టు ఆదేశం లేకపోతే ఈ తప్పు బయటపడేదే కాదు. రెండో మాటకే నేను ఎక్కువ బరువిస్తాను, ఎందుకంటే మొదటి మాట నిజమో కాదో తేలింది కూడా మళ్లీ చూసినందువల్లే.

రేషన్ దారి కాస్త తిన్ననిది

పింఛన్లు చాలావరకు ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడుస్తాయి. జీవో మారితే నియమం మారుతుంది, అప్పీలు దారి కూడా మారుతుంది. రేషను అలా కాదు. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టం దాన్ని హక్కుగా రాసింది, ఫిర్యాదుల నిచ్చెనను కూడా అందులోనే రాసింది. జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆయన ఆదేశం నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు. ఆయన సిఫారసు చేసిన ఉపశమనాన్ని సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ ₹5,000 వరకు జరిమానా వేయవచ్చు. సరుకులు అందకపోతే బదులుగా ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్ అంటుంది. ఇది కాక, ప్రజా పంపిణీ నియంత్రణ ఉత్తర్వు 2015 కింద కార్డు నిరాకరించినా, రద్దు చేసినా ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకునే వీలుంది.

ఇంత ఉన్నా తహసీల్దారు ఆఫీసు దాటి వెళ్లేవాళ్లు అరుదు. ‘ఆహార కమిషన్’ అన్న పేరు వింటే జనం హోటళ్లు తనిఖీ చేసేవాళ్లనుకుంటారు.

వేలిముద్ర పడకపోవడం ఇంకో రకం. అక్కడ ఎవరూ అనర్హులని తేల్చలేదు, యంత్రం గుర్తించలేదంతే. ఆధార్ ధ్రువీకరణ విఫలమైందన్న ఒక్క కారణంతో అర్హులకు ప్రయోజనాలు నిరాకరించకూడదని 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటిచోట కావలసింది అప్పీలు కంటే అప్పటికప్పుడు మరో విధంగా గుర్తించడం.

ముందు ఆపాలా, ముందు వినాలా?

అసలైన వాదం ఇక్కడుంది. అనుమానం వచ్చినప్పుడు పింఛను ఆపేసి, తర్వాత అప్పీలు వినాలా? లేక మాట విన్నాకే ఆపాలా?

ముందు ఆపాలనేవాళ్లు చెప్పేది: ఇది ప్రజల డబ్బు. పొరపాటున చెల్లించింది పేదవాడి దగ్గర తిరిగి రాబట్టలేం, రాబట్టబోతే అది ఇంకా క్రూరం. ప్రతి కేసులో ముందు విచారణ అంటే అనర్హుడు కూడా అప్పీలు పడేసి నెలల తరబడి తీసుకుంటాడు. ముందు వినాలనేవాళ్లు చెప్పేది: నెలకు ₹4,000 మీద బతికే మనిషికి రెండు నెలలు ఆగితే మందులు ఆగుతాయి. అప్పీలు గెలిచేదాకా ఆ మనిషి నిలదొక్కుకోవాలి కదా. అధికారి పొరబడితే అధికారికి పోయేది లేదు.

అమెరికా సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు ఆరేళ్ల తేడాలో రెండు జవాబులిచ్చింది. 1970లో గోల్డ్‌బర్గ్ కేసులో, నిరుపేదలకిచ్చే సాయం ఆపే ముందే విచారణ జరగాలంది. 1976లో ఎల్డ్రిడ్జ్ కేసులో మాత్రం వైకల్య భృతి ఆపడానికి ముందుగా పూర్తి విచారణ అవసరం లేదంది. వైద్య నివేదికలు కాగితం మీద ఉంటాయి, నోటి సాక్ష్యం మీద ఆధారపడవు, పైగా ఆ భృతి పేదరికాన్ని చూసి ఇచ్చేది కాదు అన్నది అక్కడి తర్కం. మన దివ్యాంగ పింఛను ఈ రెండింటి మధ్యన పడుతుంది. దానికి వైద్య నివేదికా కావాలి, పేదరికమూ కావాలి. అందుకే 2025లో రెండు పక్షాల వాదనా సబబుగానే వినిపించింది.

రెంటికీ నడుమ ఒక దారి ఉంది. నోటీసు ఇచ్చి, గడువిచ్చి, ఆ గడువులో అప్పీలు పెట్టినవాళ్లకు తేలేదాకా చెల్లింపు కొనసాగించడం. అనర్హులకు కొన్ని నెలల డబ్బు అదనంగా పోతుంది, ఎంతన్నది అప్పీళ్లు ఎంత త్వరగా తేల్చగలరన్న దాన్నిబట్టి ఉంటుంది. అప్పీలు వినడానికి సిబ్బంది, డాక్టర్లు లేకపోతే ఈ దారీ మూసుకుపోతుంది.

గడువు, బకాయి

గడువు సాధారణంగా ఉత్తర్వు అందిన రోజు నుంచి లెక్క, సంతకమైన రోజు నుంచి కాదు. ఎప్పుడందిందన్న దానికి రుజువు లేకపోతే తగాదా అక్కడే మొదలవుతుంది. ఆలస్యమైనా తగిన కారణం చూపితే మన్నించే వీలు చాలా చట్టాల్లో ఉంది, సమాచార హక్కు చట్టంలో కూడా.

గెలిచాక పాత నెలల డబ్బు వస్తుందా? దీనికి ఒకే జవాబు లేదు. ఊళ్లో లేక పింఛను తీసుకోలేకపోవడం ఒకటి, నిర్ణయం వల్ల ఆగిపోవడం మరొకటి. మొదటిదానికి ఆంధ్రప్రదేశ్‌లో రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. రెండోదానికి అప్పీలు ఉత్తర్వులో ‘ఫలానా నెల నుంచి’ అని రాశారా లేదా అన్నదే కీలకం. ‘పునరుద్ధరించాలి’ అని మాత్రమే రాస్తే కింది ఆఫీసు ఆ నెల నుంచి మొదలుపెట్టి ఊరుకుంటుంది. గెలిచిన సంతోషంలో ఆ ఒక్క వాక్యం లేదని ఎవరూ గమనించరు.

హైకోర్టు ఎప్పుడు?

రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. అది అప్పీలు కాదు. శాతం 36నా 42నా అన్నది హైకోర్టు తేల్చదు. నోటీసిచ్చారా, మాట విన్నారా, కారణం రాశారా, అధికారం ఉన్నవాడే నిర్ణయించాడా అన్నది చూస్తుంది. సాధారణంగా మొదట అడిగేది కింద అప్పీలు దారి ఉండగా ఇక్కడికెందుకొచ్చారని. అయితే సహజ న్యాయం ఉల్లంఘన జరిగినప్పుడు ఆ అడ్డు ఉండనక్కర లేదని 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గెలిచినా తరచూ దొరికేది ‘నాలుగు వారాల్లో మళ్లీ విని నిర్ణయించండి’ అన్న ఆదేశం. ఏళ్ల తరబడి పట్టించుకోని ఫైలుకు అదీ తక్కువేం కాదు.

ఖర్చు భయం ఉన్నవారి కోసం న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987 ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. పింఛను ఆగినవాళ్లలో చాలామంది ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తారు. ఫోను నంబరు 15100. దీన్ని గృహహింస కేసులకో, జైల్లో ఉన్నవాళ్లకో అనుకోవడం పరిపాటి.

‘మళ్లీ అప్లై చేయండి’

అవగాహన అనగానే కరపత్రాలు, గోడ మీద రాతలు గుర్తొస్తాయి. అవి అప్పీలు అధికారి ఎవరో చెబుతాయి గానీ, ఎదుట ఉన్నది నిర్ణయమని గుర్తుపట్టడం నేర్పవు. ఆ పని ఇదివరకు మన దగ్గర కొంత జరిగింది. ఉపాధి హామీ పనులకు 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సామాజిక తనిఖీల్లో మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) పేర్లు గ్రామసభలో పైకి చదివేవారు. ‘నేను పనికి పోలేదు, నా పేరు మీద డబ్బెలా పడింది’ అని అక్కడికక్కడే లేచి అడిగేవారు. చదువు రానివాళ్లకు కూడా రికార్డు వినబడింది. సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాక సేవ గడప దాకా వచ్చింది. రికార్డేమో తెర వెనక్కి వెళ్లింది.

2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణలో గ్రామసభలు పెట్టి రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల వంటి పథకాల జాబితాలు చదివినప్పుడు చాలాచోట్ల జనం లేచి గొడవ చేశారు. పేపర్లు వాటిని ఉద్రిక్తతలని రాశాయి. నిజానికి ఒక నిర్ణయాన్ని జనం ముందు చదివి వినిపిస్తే జరగాల్సింది అదే. వచ్చిన జవాబు మాత్రం పాతదే: పేరు రానివాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి.

దయగా వినిపించే ఈ మాటలో ఒక చిన్న మోసం ఉంది, ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. కొత్త దరఖాస్తుకు కొత్త తేదీ, కొత్త వరస. పాత దరఖాస్తును ఎందుకు కాదన్నారో ఎవరూ రాయనక్కర లేదు. తప్పు రికార్డు అలాగే ఉంటుంది కాబట్టి రెండోసారీ అదే ఫలితం రావచ్చు. మధ్యలో పోయిన నెలలకు లెక్క ఉండదు. అప్పుడు ఆ మనిషి చేతిలో రెండు రసీదులుంటాయి, ఒక్క ఉత్తర్వూ ఉండదు.